ఫిరంగి షెల్‌తో చేయించిన ఇత్తడి గ్లాసులో మజ్జిగ తాగొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. మావారి తాతగారు ఆర్మీలో పనిచేశారు. ఆయన దాచిన ఖాళీ ఫిరంగి షెల్‌ అటక మీద దొరికితే మావారు పైభాగం కోయించి గ్లాసులా చేయించారు. చింతపండుతో తోమితే తళతళలాడుతోంది. మా ఆరేళ్ల బాబు మజ్జిగ, అంబలి అందులోనే కావాలంటాడు. రెండుసార్లు తాగిన కాసేపటికే వాంతి అయింది. కళాయి వేయిస్తే సరిపోతుందా? తాతగారి అల్యూమినియం వాటర్‌ బాటిల్‌ వాడుకోవచ్చా?

జవాబు: ఆ గ్లాసు ఈరోజే పక్కన పెట్టేయండమ్మా. కళాయి వేయించినా బాబుకు ఇవ్వొద్దు.

వాంతికి కారణం చాలావరకు రాగే. షెల్‌ ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. పుల్ల మజ్జిగ, తరవాణి, పులిసిన చోడంబలి తగిలితే రాగి అందులోకి దిగుతుంది. ఇత్తడి గిన్నెలో పులుసు చిలుమెక్కిందని పెద్దవాళ్లు అనేది దీన్నే. తాగిన కాసేపటికే వికారం, వాంతి వస్తాయి, సాధారణంగా ఆ పూటతో తగ్గిపోతాయి.

నా బెంగంతా సీసం గురించి. షెల్‌ అడుగున మధ్యలో బిళ్లలా కనిపించేది ప్రైమర్‌, మందుగుండును అంటించేది అదే. అందులో సీసం, బేరియం, ఆంటిమొనీ ఉండొచ్చు. బాగా పాతవాటిలో పాదరసం కూడా వాడేవారు. పేలినప్పుడు ఆ మసి లోపలి గోడకు, బిళ్ల చుట్టూ ఉన్న సన్నటి సందుకు పట్టేస్తుంది. చింతపండు గుజ్జు ఆ సందులోని మసిని తీయలేదు. సీసం చేరినా పిల్లాడికి వెంటనే ఏమీ తెలియదు, అదే దానితో చిక్కు.

కళాయి కూడా అందుకే చాలదు. తగరం శుభ్రంగా ఉన్న లోహానికే అంటుకుంటుంది, మసి ఉన్న సందులో పూత నిలవదు. పైగా తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి గొట్టాన్ని అంతకుమించి కాల్చాలి. ప్రైమర్‌ పేలనిదైతే పొయ్యి మీదే పేలుతుంది. అటక మీద ఇంకే షెల్లున్నా, ముఖ్యంగా గుండుతో ఉన్నవి, బిళ్ల మీద సొట్ట లేనివి కనిపిస్తే కదపకుండా 112కు ఫోన్‌ చేయండి.

మిగతా ఇత్తడి సామాను కళాయికి ఇచ్చేటప్పుడు కూడా, వాడే కడ్డీని ముందు తెల్లకాగితం మీద గీసి చూడండి. పెన్సిల్‌ గీతలా బూడిదరంగు పడితే సీసం బాగా కలిసినట్టే. గీత పడనంత మాత్రాన అసలు లేదనుకోవద్దు.

బాబుకు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. వేలికొస నుంచి కాకుండా నరం నుంచి తీసిన రక్తమే నమ్మకం. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకుమించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 45 దాటితే ఆసుపత్రిలో మందులతో దాన్ని బయటకు పంపాల్సి రావచ్చు. హిమోగ్లోబిన్‌ కూడా చూపించండి, ఇనుము తక్కువున్న పిల్లల ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది.

షెల్‌ను ఎమరీ కాగితంతో రుద్దొద్దు, ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. తాతగారి గుర్తుగా షోకేసులో ఉంచుకోండి. బాబు మరీ పేచీ పెడితే, అంచు బయటికి రెండు వేళ్ల ఎత్తు ఉండేలా ఒక స్టీలు గ్లాసు అందులో దించి, తాగేటప్పుడు పెదవి స్టీలుకే తగిలేలా చూడండి. అదీ రక్తపరీక్ష బాగుందని తెలిశాకే. కడగడానికి స్టీలు గ్లాసును బయటికి తీయాలి, రెంటి మధ్య నీరు నిలవకూడదు.

ఇక బాటిల్‌. లోపలికి టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి, గుంటలు కనిపిస్తే, కిరసనాయిలు వాసన వస్తే, మూతి దగ్గర పాత ఆకుపచ్చ పెయింటు పొరలుగా లేస్తుంటే పారేయండి. నున్నగా ఉంటే మూతలో వాషరు కొత్తది వేయించి, వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడగండి. చాకలి సోడా వాడితే అల్యూమినియం తినేస్తుంది. మంచినీళ్లే పోయండి, సాయంత్రానికి ఒంపేయండి. నిమ్మరసం, మజ్జిగ వద్దు. ఇంట్లో కిడ్నీ జబ్బున్నవారు ఉంటే వారు మాత్రం స్టీలు బాటిలే వాడాలి.