కుంగ్‌ఫూ, తాయ్‌చీ వేర్వేరా? నలభైకి దగ్గరపడ్డాక ఏది నేర్చుకోవాలి?

మీరు అడిగింది మూడు మాటల్లో ఇది: కుంగ్‌ఫూ, తాయ్‌చీ ఒకటేనా, పార్కుల్లో పెద్దవాళ్లు మెల్లగా చేసే తాయ్‌చీని యుద్ధవిద్య అనొచ్చా, నలభైకి దగ్గరపడ్డవాళ్లు కరాటే, జూడో, ఇవన్నీ వదిలి దేనికి వెళ్లాలి. నేను హైదరాబాదులో చదువుకునేటప్పుడు కొన్నేళ్లు కరాటే చేశాను. ఉద్యోగం మీద సింగపూర్ వచ్చాక తాయ్‌చీలో చేరాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఆ రెండూ తెలిసినవాడిగా చెబుతున్నాను.

కుంగ్‌ఫూకీ తాయ్‌చీకీ తేడా ఏమిటంటే మామిడికీ బంగినపల్లికీ తేడా అడిగినట్టే. చైనాలో పుట్టిన యుద్ధవిద్యలన్నిటినీ కలిపి మనం కుంగ్‌ఫూ అంటున్నాం. అందులో లెక్కలేనన్ని శైలులున్నాయి. హెనాన్‌లోని షావొలిన్ ఆలయం పేరు మీద వచ్చినవి కొన్ని. దక్షిణ చైనాలో పెరిగిన వింగ్ చున్ ఇంకొకటి. ఫొషాన్ నుంచి హాంకాంగ్ వెళ్లి స్థిరపడ్డ ఇప్ మాన్ దగ్గర బ్రూస్ లీ కుర్రతనంలో నేర్చుకున్నది అదే. తాయ్‌చీ కూడా ఈ కుటుంబంలోదే. కరాటే ఒకినావా దీవులది, దాని మీద చైనాలోని ఫూజియాన్ విద్యల ప్రభావం బాగా ఉంది. 1922లో ఒకినావా గురువు ఫునకోషి టోక్యోలో ప్రదర్శించాక జపాన్ అంతా పాకింది. జూడోని 1882లో కానో జిగోరో తీర్చిదిద్దాడు. టైక్వాండో కొరియాది.

మనవాళ్లు తప్పకుండా అడిగే ఇంకో మాట ఉంది: కుంగ్‌ఫూని కంచి నుంచి వెళ్లిన బౌద్ధ సన్యాసి బోధిధర్ముడే నేర్పాడట కదా అని. వినడానికి నాకూ గర్వంగానే ఉంటుంది. కానీ ఆ కథకి మూలంగా చూపించే గ్రంథం 17వ శతాబ్దానిదని చైనా చరిత్రకారుడు తాంగ్ హావో ఎప్పుడో తేల్చాడు. బోధిధర్ముడి కాలానికీ దానికీ వెయ్యేళ్ల పైన దూరం. ధ్యాన మార్గంలో ఆయనకున్న స్థానం చాలా గొప్పది, దానికి పిడిగుద్దులు జోడించక్కర్లేదు.

ఇక తాయ్‌చీ. హెనాన్‌లోనే చెన్‌జియాగౌ అనే ఊళ్లో చెన్ వంశంవాళ్లు తరతరాలుగా చేసుకుంటూ వచ్చిన పోరాట విద్య ఇది. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ ఆ ఊళ్లో నేర్చుకుని బీజింగ్ వెళ్లి అక్కడ రాజవంశీకులకీ సైనికులకీ నేర్పాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ చేతిలో ఇది ఒకే వేగంతో, విశాలంగా, మెల్లగా సాగే రూపం తీసుకుంది. దాని ఆధారంగా 1956లో చైనా ప్రభుత్వ క్రీడా విభాగం 24 భంగిమల చిన్న వరస తయారుచేయించింది. ప్రపంచమంతా పార్కుల్లో కనిపించేది ఎక్కువగా అదే. అందుకే తాయ్‌చీ అంటే ముసలివాళ్ల వ్యాయామం అనే అభిప్రాయం పడిపోయింది. చెన్ శైలి రెండో వరస ఒక్కసారి చూడండి. గెంతులు, నేలదద్దరిల్లే అడుగులు, ఒక్కసారిగా విసిరే మోచేతులు ఉంటాయి.

మెల్లగా చేయడంలో ఉన్న పని ఏమిటో నాకు చేత్తో తెలిసింది ‘పుషింగ్ హ్యాండ్స్’ సాధనలో. ఇద్దరు ఎదురెదురుగా, చెరో పాదం ముందుకు వేసి నిలబడతారు. మణికట్టుకి మణికట్టు ఆనించి గుండ్రంగా తిప్పుతూ ఉంటారు. ఎవరి పాదం కదిలితే వాళ్లు ఓడినట్టు. మాకు నేర్పే పెద్దాయన డెబ్బై దాటినవారు, అందరం అంకుల్ అనే పిలుస్తాం. కరాటేలో దెబ్బ తగిలే క్షణంలో ఒళ్లంతా బిగించడం మాకు అలవాటు. అదే బిగువుతో నెడితే ఆయన చెయ్యి అడ్డుపడదు, వెనక్కీ లాగదు. నడుము కాస్త తిరుగుతుందంతే. నేను నెడుతున్న బరువుకి ఎదురు లేక నా మడమ లేస్తుంది. అప్పుడు ఆయన అరచెయ్యి నా ఛాతీ మీద ఆనుతుంది, నేను రెండడుగులు వెనక్కి వెళ్తాను. “భుజం దించు, ముందు చేత్తో విను” అంటారు. అవతలివాడి బరువు ఏ కాలి మీద ఉందో, ఎప్పుడు మారబోతోందో చర్మంతో పసిగట్టాలన్నమాట. వరసని మెల్లగా చేయించేది అందుకే. వేగంగా అడుగు వేస్తే ఊపు మనల్ని మోసేస్తుంది. మెల్లగా వేస్తే పాదం నేలకి ఆనాక గానీ బరువు మార్చకూడదు కాబట్టి తూకం ఎక్కడ తప్పిందో వెంటనే బయటపడుతుంది.

దీంతో వీధిలో కొట్లాట గెలుస్తామా అంటే, వరస ఒక్కటే చేసేవాళ్లు గెలవరు. 2017లో చైనాలోని చెంగ్డులో ఎంఎంఏ (రకరకాల యుద్ధవిద్యలు కలిపి ఆడే పోటీ) ఫైటర్ షు షియావొడాంగ్, తాయ్‌చీ గురువునని చెప్పుకునే వెయ్ లెయ్‌ని కొన్ని సెకన్లలోనే పడగొట్టాడు. తాయ్‌చీ ఉత్తిదే అనడానికి చాలామంది ఆ వీడియో చూపిస్తారు. నా దృష్టిలో అది సాధనా పద్ధతి మీద తీర్పు. ఎదిరించే మనిషితో రోజూ తలపడనివాళ్లు ఏ శైలివాళ్లయినా రింగులో నిలవలేరు. జూడో, బాక్సింగ్ చేసేవాళ్లు ముందుండేది అక్కడే, వాళ్లకి ప్రతి క్లాసులోనూ అవతల నిజంగా ప్రతిఘటించే మనిషి ఉంటాడు. కుంగ్‌ఫూలో ఆ దారి కావాలంటే ‘సాండా’ నేర్పే చోటు వెతకండి. గుద్దులు, తన్నులు, పడగొట్టడాలు అన్నీ ఉండే పోటీ రూపం అది.

ఆరోగ్యం విషయంలో మాత్రం తాయ్‌చీకి గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలోని ఓరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్స్ రోగులతో చేసిన పరిశోధన 2012లో వచ్చింది. వారానికి రెండుసార్లు గంటసేపు చొప్పున 24 వారాలు తాయ్‌చీ చేసినవాళ్లకి బ్యాలెన్స్ మెరుగుపడింది, స్ట్రెచింగ్ చేసినవాళ్ల కంటే తక్కువసార్లు కిందపడ్డారు. మా గ్రూపులో ఎక్కువమంది దీనికోసమే వస్తారు.

మీ వయసుకి నేనైతే తాయ్‌చీనే చెబుతాను, కానీ జంటగా సాధన చేయించే గురువు దగ్గరే చేరండి. ఫీజు కట్టే ముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి. భంగిమకి అర్థమేమిటని అడిగితే మీ చెయ్యి పట్టుకుని చేసి చూపించాలి. ముట్టుకోకుండానే మనిషిని ఎగరగొడతాననేవాళ్ల దగ్గర అసలు ఉండొద్దు. రంగు బెల్టులు ఉన్నాయా లేవా అన్నది పట్టించుకోకండి, ఆ పద్ధతి జూడో నుంచి మిగతా విద్యలకి పాకింది. మోకాలి నొప్పి ఉంటే మొదటి రోజే చెప్పండి, మరీ కిందికి వంగకుండా నిలబడి చేసుకోవచ్చు. మోకాలు ఎప్పుడూ కాలివేళ్లు చూపే వైపుకే వంగాలి, లోపలికి వాలనివ్వకూడదు. ఈ ఒక్కటి పట్టించుకోకుండా వరసలు పూర్తిచేయించే చోట చేరితే మోకాళ్లు పాడవొచ్చు.