విస్కాన్సిన్ డెయిరీకి బావుల పరీక్ష షరతు: కోర్టులో ఏ వాదన నిలుస్తుంది?

వ్యర్థాలను నీటిలోకి వదలని మీ బంధువుల డెయిరీకి నీటి కాలుష్య పర్మిట్‌లో బావుల పరీక్ష షరతు ఎలా విధిస్తారని అడిగారు. కలుషితాలను నిజంగా వదిలితేనే పర్మిట్ అవసరమని 2005, 2011లలో ఫెడరల్ అప్పీలు కోర్టులు చెప్పిన మాట వాస్తవమే కానీ, ఆ తీర్పులు ఫెడరల్ పర్యావరణ సంస్థ (ఈపీఏ) అధికారానికి సంబంధించినవి. అంతకన్నా కఠినమైన నిబంధనలు పెట్టుకునే స్వేచ్ఛను 1972 నాటి ఫెడరల్ స్వచ్ఛ జల చట్టమే (క్లీన్ వాటర్ యాక్ట్) రాష్ట్రాలకు ఇచ్చింది. పైగా విస్కాన్సిన్‌లోని కిన్నార్డ్ ఫార్మ్స్ అనే పెద్ద డెయిరీ పర్మిట్ కేసులో, పశువుల సంఖ్యకు పరిమితి పెట్టే అధికారమూ, భూగర్భజల పర్యవేక్షణ కోరే అధికారమూ పర్మిట్లు ఇచ్చే రాష్ట్ర సహజ వనరుల శాఖకు ఉన్నాయని రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. పలుచని మట్టి కింద పగుళ్ల రాతి పొరలున్న కిన్నార్డ్ ప్రాంతంలో ఇరుగుపొరుగు తాగే బావులే కలుషితమయ్యాయి గనుక, ఆ ఆందోళనను తేలికగా తీసుకోకూడదు. కాబట్టి అధికారం లేదనడం కన్నా, మీ బంధువుల నేల స్వభావానికి ఆ షరతు అక్కరలేదని సాక్ష్యాలతో చూపడమే మేలు. విచారణ కోరే పిటిషన్‌కు పర్మిట్ నిర్ణయంపై శాఖ నోటీసు ఇచ్చిన తర్వాత 60 రోజులే గడువు. ముందుగా ఆ తేదీ చూడండి.