క్లచ్ సెట్ మార్చే ముందు

చి. శ్రీనుకి, ఆశీస్సులు.

బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్ పడట్లేదని, రెండు మూడుసార్లు పెడల్ కొడితేనే పడుతోందని రాశావు. గ్యారేజీలో క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారట. అప్పుడే ఒప్పుకోకు. పెడల్ కొడితే గేర్ పడుతోందంటే అది క్లచ్ ప్లేటు అరిగిన లక్షణం కాదు. క్లచ్ ఆయిల్ పైపులో (లైన్లో) గాలైనా చేరి ఉండాలి, మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు సీలైనా పోయి ఉండాలి. ప్లేటు అరిగితే నాలుగో గేర్లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ గోల పెరుగుతుంది గానీ బండి అందుకోదు.

నీ బండిలో క్లచ్‌కి కేబుల్ లేదు. పెడల్ వెనక మాస్టర్ సిలిండర్, కింద గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్, రెంటి మధ్య సన్నని పైపు నిండా బ్రేక్ ఆయిల్. పైన పిస్టన్ తోస్తే కింద పిస్టన్ కదిలి, ఫోర్కు అనే మీట ద్వారా రిలీజ్ బేరింగ్‌ని, క్లచ్ ప్లేటుని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు మీదికి నెడుతుంది. దాంతో క్లచ్ ప్లేటు మీద పట్టు వదులుతుంది.

గాలి ఎంత చెరుపు చేస్తుందో లెక్క చూడు. మాస్టర్ లోపలి వ్యాసం 16 మి.మీ. అనుకుందాం. అక్కడ పిస్టన్ 5 మి.మీ. కదిలితే పోయేది ఒక మిల్లీలీటరు ఆయిలే. లైన్లో అంత గాలి ఉంటే ఆ 5 మి.మీ. తోపు దాదాపుగా గాలిని నలపడానికే సరిపోతుంది. స్లేవ్ వ్యాసం 20 మి.మీ. అయితే అక్కడ 3 మి.మీ. పైగా కదలిక తగ్గిపోతుంది. ప్లేటు పూర్తిగా విడిపోదు. రివర్స్ వేస్తే కరకరమంటుంది.

ముందు ఆయిల్ డబ్బా చూడు. చాలా కార్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే డబ్బా. క్లచ్ గొట్టం కాస్త పైన ఉంటుంది, అటు కారిపోయినా బ్రేకుకి కొంత మిగలాలని. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. పెడల్ పైన, తివాచీ దగ్గర చెయ్యి పెట్టి తడుము, తడిగా ఉంటే మాస్టర్. గేర్‌బాక్స్ పక్కన స్లేవ్ రబ్బరు టోపీ కొద్దిగా ఎత్తి చూడు, లోపల తడి ఉంటే స్లేవ్. ఎక్కడా తడి లేకపోతే ఎదురుగా ఎవరూ లేని చోట, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు మీద కాలుంచి, ఇంజన్ ఆన్‌లో ఫస్ట్ గేర్ వేసి క్లచ్ ఒక నిమిషం అదిమి పట్టు. బండి మెల్లగా ముందుకు లాగుతుంటే మాస్టర్ సీలు లోపలే వదిలేస్తోందని అర్థం.

గాలి తీయడం ఇంట్లో అయ్యే పనే, ఇద్దరు కావాలి. కోడల్ని పెడల్ దగ్గర కూర్చోబెట్టు. స్లేవ్ మీద గాలి వదిలే చిన్న మర ఉంటుంది, అదే నిపుల్. దానికి పారదర్శక గొట్టం తగిలించి, రెండో కొస కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచు. ఆమె తొక్కి పట్టాక నువ్వు నిపుల్ పావు చుట్టు వదులు చెయ్యి, బుడగలు వస్తాయి. నిపుల్ బిగించాకే పెడల్ వదలమను, లేకపోతే వెళ్ళిన గాలే వెనక్కి పీల్చుకుంటుంది. మొదట్లో పెడల్ దానంతటది పైకి రాదు, కాలివేళ్ళతో లేపాలి. బుడగలు ఆగేదాకా ఇదే పని. నాలుగైదు తొక్కులకోసారి డబ్బా నింపుతుండు. అది ఖాళీ అయితే మళ్ళీ మొదటికొస్తావు. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళు పొయ్యి, తినేస్తుంది.

బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక రకం) అని ఉంటే అదే వాడు. కొనడానికి అర లీటరు సీలున్న డబ్బా చాలు. మూత తీసి నెలల తరబడి ఉంచింది వద్దు, గాల్లోంచి తేమ పీలుస్తుంది. ఇంజన్ ఆయిల్ మాత్రం చుక్క కూడా పడనివ్వకు, సీళ్ళన్నీ ఉబ్బిపోతాయి.

ఒక చిక్కుంది. కొన్ని బండ్లలో స్లేవ్ గేర్‌బాక్స్ లోపల, బేరింగ్‌తో కలిసే ఉంటుంది. అది కారితే గేర్‌బాక్స్ దింపక తప్పదు. దించిన కూలీ ఎలాగూ ఇస్తావు కాబట్టి ప్లేటు కూడా సగానికి పైగా అరిగి ఉంటే అప్పుడే మార్పించు. నీది ఏ రకమో జె.సి. రోడ్‌లో సామాను కొనేముందే చాసిస్ నంబరు చెప్పి అడుగు.

బాబాయి