సందేహాలు – సమాధానాలు: వాద్యానికి నచ్చిన స్వరం

ప్రశ్న: మా అమ్మాయి నాలుగేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నది. ఏ రాగం మొదలుపెట్టినా తారస్థాయి షడ్జం (పై స) దగ్గరికి వచ్చేసరికి కమాను వదలబుద్ధి కాక అక్కడే ఆగిపోతుంది. ఎందుకని అడిగితే, "అక్కడ వయొలిన్ దానంతట అదే పాడుతుందమ్మా" అంటుంది. వాద్యకారులకు తమ వాద్యం మీద ప్రత్యేకంగా ఇష్టమైన స్వరం ఉంటుందా, లేక ఇది చిన్నపిల్ల ముచ్చటేనా?
– ఒక తల్లి, కావలి

జవాబు: ముచ్చట కాదు, మీ అమ్మాయి ఉన్న మాటే చెప్పింది. మన పద్ధతిలో వయొలిన్ నాలుగు తీగలనూ స ప స ప అని షడ్జ పంచమాలకే శ్రుతి చేస్తాము. పై పంచమం తీగ మీద వేలు నొక్కి తారషడ్జం పలికించినప్పుడు, కమాను తగలకపోయినా పక్కనున్న షడ్జం తీగ తనంతట తాను కంపిస్తుంది. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడవచ్చు. అర అంగుళం కాగితం ముక్కను మధ్యకు మడిచి, ఎద్దు మీద గోనె వేసినట్టు ఆ షడ్జం తీగ మీద సరిగ్గా నడుమ పెట్టి, పక్క తీగ మీద తారషడ్జం వాయించమనండి. కాగితం దాదాపు కదలదు. అదే కాగితాన్ని బ్రిడ్జి నుంచి తీగ పొడవులో పావు వంతు దూరానికి జరిపి మళ్లీ వాయిస్తే ఎగిరెగిరి పడుతుంది. ఆ తీగ రెండు సగాలుగా విడిపోయి ఊగుతుండటం వల్ల నడుమ నిశ్చలంగానూ, పావు వంతు దగ్గర చలనం ఎక్కువగానూ ఉంటుంది. వేలు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే ఈ తోడు పలుకు మాయమవుతుంది కనుక, శ్రుతి సరిచూసుకోవడానికి దీన్ని మించిన సాధనం పిల్లల చేతిలో మరొకటి లేదు. అక్కడ ఆగుతున్నదని మందలించకండి. రిషభ ధైవతాలకు ఇంత గట్టి జవాబు రాదు. రిషభం వృషభపు రంకె వంటిదని పాత శాస్త్ర గ్రంథాలు చెప్పాయి గాని, ఒంగోలు గిత్త రంకె విన్నవారెవరూ దాన్ని ఫిడేలు మీద వెతకరు.

తీగలే కాదు, పెట్టెకూ ఇష్టాయిష్టాలు ఉంటాయి. కొయ్యకు, లోపలి గాలికి సొంత కంపన స్థానాలు కొన్ని ఉండి, వాటి దగ్గరికి వచ్చిన నాదం మిగిలినవాటికంటే నిండుగా వినిపిస్తుంది. అయితే మన షడ్జం పాడేవారి గొంతును బట్టి మారుతుంది, పెట్టె మారదు. కాబట్టి ఒకటో శ్రుతిలో మధ్యమం మీద గుమ్మని మోగిన వయొలిన్, శ్రుతి మార్చగానే ఆ గుమ్మనడాన్ని మరో స్వరం మీదికి జరుపుతుంది. ఈ కలయిక మరీ ఎక్కువైతే నాదం నిలవక గురగురలాడుతుంది. పాశ్చాత్యులు దానికి తోడేలు స్వరమని పేరు పెట్టారు. చెల్లో వాయించేవారికి ఈ బెడద ఎక్కువ.

ఇంతవరకు చెప్పినది వాద్యం ఇష్టం. వాయించేవారి ఇష్టం వేరు, అది సాధన ముదిరిన కొద్దీ జరుగుతూ పోతుంది. మన సంగీతంలో స్వరం విడిగా ఉండదు, రాగంలో ఉంటుంది. అందుకే అనుభవమున్న వైణికులను ఏ స్వరం ఇష్టమని అడిగితే "తోడిలో గాంధారం" అన్న తీరులో రాగం పేరు కలిపి చెబుతారు. వీణ మీద ఆ గాంధారానికి, అంటే సాధారణ గాంధారమని పిలిచే స్వరానికి, మెట్టు ఉన్నది, కాని ఆ మెట్టు మీద కదలకుండా వేలు నిలిపితే అది తోడి కాదు. కింది మెట్టు మీద తీగను లాగి ఊపితేనే ఆ రాగానికి జీవస్వరమైన గాంధారం పుడుతుంది. నాదస్వరానికి మెట్లే లేవు. ఏడు వేళ్ల రంధ్రాలతో, సగం మూసీ ముప్పాతిక తెరచీ, నోటిలోని పీకను పెదవులతో అదిమీ సడలించీ స్వరస్థానాలన్నీ పలికించవలసిందే. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న షేక్ చినమౌలానా రికార్డింగు ఏదైనా మీ అమ్మాయికి వినిపించండి. ఆయన నిలిపిన స్వరాలను కాక, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారిన దారిని వినమనండి. తారషడ్జం మీద మోజు తగ్గకపోయినా, దానికి పోటీ వస్తుంది.

ప్రశ్న: మా మేనమామ పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆలాపనలో షడ్జ పంచమాల మీద ఎంతసేపైనా నిలిచేవారు గాని, గాంధారం మీద మాత్రం చప్పున దాటిపోయేవారు. కారణమేమై ఉంటుంది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఆయన చెవి మంచిదని అర్థం. షడ్జం సెకనుకు 240 కంపనాలు అనుకుంటే, దానితో పూర్తిగా కలిసే అంతర గాంధారం (హెచ్చు గాంధారం) 300 దగ్గర ఉండాలి. స నుంచి పై స దాకా ఉన్న స్థాయిని 12 సమ భాగాలుగా కోసి శ్రుతి చేసిన హార్మోనియంలో ఆ మెట్టు 302 పైచిలుకు పలుకుతుంది. తేడా రెండే కదా అనిపిస్తుంది, కాని పక్కనే షడ్జం ఆగకుండా మోగుతున్నప్పుడు వాటి పైస్వరాలు (ప్రతి నాదంలోనూ అసలు స్వరంతో పాటు సన్నగా మోగే హెచ్చు స్వరాలు) రెండూ రాసుకుని సెకనుకు తొమ్మిది పదిసార్లు అదురు పుట్టిస్తాయి. పంచమం దగ్గర ఈ అదురు సెకనుకు ఒకటి కూడా ఉండదు. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటకుండానే అంతర గాంధారం వినిపిస్తుంది, దానినే స్వయంభూ గాంధారం అంటారు. అది చెవిలో ఉన్నవారికి హార్మోనియం గాంధారం కాస్త ఎక్కువగానే తోస్తుంది. నటుడు పద్యం చివర పైషడ్జం అందుకుని సాగదీస్తే, జనం "వన్స్ మోర్" అనేదాకా పెట్టెను అక్కడే ఉంచడం ఆయనకు హాయిగా ఉండి ఉంటుంది.

ప్రశ్న: మృదంగానికి కూడా నచ్చిన స్వరం ఉంటుందా?
– ఒక విద్యార్థి, కనిగిరి

జవాబు: ఉంటుంది, అది షడ్జమే. మామూలు చర్మపు వాద్యంలో పైస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. కుడి మూత మీది నల్లని కరణి బరువు వల్ల మృదంగంలో అవి తీగ వాద్యంలో మాదిరి వరుసగా కుదురుతాయని సి.వి. రామన్ 1920లోనే సహచరుడితో కలిసి ప్రకటించారు. అంచును రాయితో తట్టి శ్రుతిని కొద్దిగా పెంచవచ్చు, తగ్గించవచ్చు గాని, మరీ దూరం లాగితే ఆ నాదం పోతుంది. అందువల్లనే తగ్గు శ్రుతికి పెద్దది, హెచ్చు శ్రుతికి చిన్నది అని వేర్వేరు మృదంగాలు ఉంటాయి. ఈసారి కచేరీకి వెళ్లినప్పుడు కాస్త ముందుగా చేరుకోండి. విద్వాంసుడు ఎన్ని సంచులు దించుతారో లెక్కపెట్టవచ్చు.