డేటాబేస్ టూల్ ఏది నేర్చుకోవాలి? డబ్బు పెట్టి కొనాలా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. ల్యాబ్‌లో మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ వాడాం. ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ డెవలపర్ నేర్చుకోమంటున్నాడు. ఫ్రెండ్స్ నావిక్యాట్ అనే డేటాబేస్ టూల్ కొనమంటున్నారు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 4 జీబీ ర్యామే. ఏది ఎంచుకోవాలి?

జవాబు: ఏదీ కొనకండి. క్రాక్ చేసిన కాపీ కోసమూ వెతకకండి. మీ పాస్‌వర్డ్‌లు దాచుకునే సాఫ్ట్‌వేర్‌ని ఎవరో పంపిన లింకు నుంచి దించుకోవడమంటే ఇంటి తాళాలు ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టడమే.

మీ అన్నయ్య తప్పేమీ చెప్పలేదు. ఆయన ఆఫీసులో ఒరాకిల్ డేటాబేస్ ఉండి ఉంటుంది. ఒక్కో టూల్ ఒక్కో డేటాబేస్ కోసం: వర్క్‌బెంచ్ మైఎస్‌క్యూఎల్‌కి, పీజీఅడ్మిన్ పోస్ట్‌గ్రెస్‌కి, ఎస్‌ఎస్‌ఎంఎస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి. రేపు మీకు ఏ ప్రాజెక్టు తగులుతుందో తెలియదు కాబట్టి వీటన్నిటికీ కనెక్ట్ అయ్యే డీబీవర్ కమ్యూనిటీ ఎడిషన్ పెట్టుకోండి. ఉచితం. కాకపోతే జావాతో నడుస్తుంది, 4 జీబీలో పక్కన క్రోమ్ కూడా తెరిచారంటే నత్తనడకే. మరీ విసుగొస్తే విండోస్‌లో హైడీఎస్‌క్యూఎల్ వేసుకోండి. తేలిగ్గా ఉంటుంది, ఒరాకిల్ మాత్రం అందులో రాదు.

ఇప్పుడు అసలు పని. మైఎస్‌క్యూఎల్ వాళ్లే ఇచ్చే ‘సకీలా’ అనే శాంపిల్ డేటాబేస్ ఎక్కించుకోండి. అందులో పెనెలోప్ అనే పేరు ఏ టేబుల్లో ఉందో ఒక్కొక్కటీ తెరిచి చూడకుండా పట్టుకోండి. డీబీవర్ సెర్చ్ మెనూలో డీబీ ఫుల్ టెక్స్ట్ అని ఉంటుంది. అక్కడ పేరు కొడితే యాక్టర్ టేబుల్ బయటపడుతుంది. ఆఫీసులో కోట్ల వరుసలున్న టేబుళ్ల మీద ఇదే పెడితే సర్వర్ మూలుగుతుంది. అందుకే ఇన్ఫర్మేషన్ స్కీమాలో (ఏ టేబుల్లో ఏ కాలమ్‌లు ఉన్నాయో డేటాబేస్ రాసిపెట్టుకునే జాబితా) కాలమ్ పేరుతో వెతకడం కూడా చేత్తో రాసి నేర్చుకోండి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం పని ఇలాగే ఉంటుంది: ముందు తెలియని డేటాబేస్‌లో కావలసింది ఎక్కడుందో పట్టుకోవాలి.

అదే సకీలాలో పేమెంట్ టేబుల్ తెరిచి చూడండి. వర్క్‌బెంచ్ 1000 వరుసల దగ్గర ఆగుతుంది. డీబీవర్ మొదట 200 చూపిస్తుంది. ఉన్నవి 16 వేల పైచిలుకు! తెరమీద కనిపించినవే మొత్తం అనుకుని రిపోర్టు ఇచ్చి తిట్లు తిన్నవాళ్లను చూశాను.

వర్క్‌బెంచ్‌లో ఎప్పుడైనా ఎర్రర్ 1175 వచ్చిందా? ఏ వరుసలు మార్చాలో కీ కాలమ్‌తో వేర్ కండిషన్ పెట్టి చెప్పకుండా అప్‌డేట్ కొడితే అది అడ్డుకుంటుంది. గూగుల్‌లో దొరికిన లైను పేస్ట్ చేసి ఆ అడ్డును తీసేయడం మనవాళ్లకు అలవాటు. అలా చేయకండి. డీబీవర్‌లో ఆటో కమిట్ (మార్పు వెంటనే ఖాయమైపోవడం) బదులు మాన్యువల్ కమిట్ పెట్టుకుంటే, తప్పు జరిగినా కమిట్ చేయనంతవరకు రోల్‌బ్యాక్, అంటే మార్పును వెనక్కి తీసుకునే వీలు ఉంటుంది.

ఇంటర్వ్యూలో ఈ టూల్స్ పేర్లు అడగడం తక్కువ. ఖాళీ తెర ఇచ్చి జాయిన్ (రెండు టేబుళ్లను కలిపే క్వెరీ) రాయమంటారు. కాబట్టి మౌస్‌తో చేసిన ప్రతి పనికీ వెనక ఏ క్వెరీ నడిచిందో ఓసారి రాసి చూసుకోండి.

ప్రాక్టీసుకని అన్నయ్య ఆఫీసు లాగిన్ మాత్రం అడగకండి. ఆయన ఉద్యోగానికే ఎసరు.