కుక్క చర్మానికి ఇన్ఫెక్షన్ వస్తే పసుపు, వేపనూనె రాయొచ్చా?

పైపైన కాస్త ఎర్రబడితే రాయొచ్చు. ముందు అక్కడి వెంట్రుకలు కత్తిరించి, గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. వేపనూనెను నేరుగా వద్దు, కొబ్బరినూనెలో కొద్దిగా కలపండి. పసుపు రాస్తే ఆ రంగులో ఎర్రదనం తగ్గిందో లేదో కనిపించదు, అందుకే నేను రాయను.

అసలు టెన్షన్ నాకడంతోనే. రాసిందంతా కడుపులోకి పోతుంది కాబట్టి మెడకు కోన్ (నాకకుండా అడ్డుపడే గరాటులాంటి పట్టీ) తొడగండి. కలబంద రాసేటట్టయితే లోపలి గుజ్జే వాడాలి. దాని తొక్క కింద ఉండే పసుపురంగు రసం నాకితే విరేచనాలు పట్టుకుంటాయి. టీ ట్రీ ఆయిల్ జోలికి అస్సలు పోకండి. అది చర్మం గుండా ఒంట్లోకి ఇంకి వణుకు, నీరసం, తూలడం తెస్తుంది.

చీము, దుర్వాసన, గుండ్రటి బోడి మచ్చలు ఉంటే ఆకు వైద్యం ఆపి పశువైద్యుడికి చూపించండి. తామరైతే మీకూ అంటుకుంటుంది.