తీరంలోనా, సముద్రంలోనా?

సందేహం: సముద్రంలో గాలిమరలు పెట్టి, ఆ కరెంటును పంప్డ్ స్టోరేజీతో (మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు దించి వాడుకునే ఏర్పాటుతో) జతచేయడం గురించిన ఒక వ్యాసంలో ‘తీరప్రాంత పవన విద్యుత్తు’, ‘ఎత్తిపోతల జలవిద్యుత్ ఉత్పత్తి’ అని చదివాను. ఈ ప్రయోగాలు సరైనవేనా?
– ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

సమాధానం: మొదటిది తప్పు. తీరప్రాంతం అంటే ఒడ్డును ఆనుకొని ఉన్న నేల. కన్యాకుమారి దగ్గర ముప్పందల్‌లో తిరిగే గాలిమరలు నేలమీదివి. ‘తీరప్రాంత’ అంటే చదివేవారికి అలాంటివే తోస్తాయి. 1991లో డెన్మార్క్‌లో విండెబీ దగ్గర తిరగడం మొదలుపెట్టిన గాలిమరలు సముద్రంలోనే పునాదులు వేసి నిలబెట్టినవి. మన దేశంలో గుజరాత్, తమిళనాడుల దగ్గర గుర్తించిన చోట్లూ నీళ్లలోనివే. ‘సముద్ర గాలిమరలు’ అంటే సరిపోతుంది. ‘సముద్రగర్భ’ అని మాత్రం వద్దు. గర్భం అంటే లోపల, ఈ రెక్కలు తిరిగేది నీటికి బాగా పైన.

రెండోదానితో నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. పంప్డ్ స్టోరేజీకి ఉదాహరణగా శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రాన్ని చూడండి. ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యంత్రాలు, మొత్తం 900 మెగావాట్లు. కరెంటుకు గిరాకీ ఉన్నప్పుడు పైనీళ్లు కిందికి దూకి వాటిని తిప్పుతాయి. గిరాకీ తగ్గినప్పుడు అవే యంత్రాలు వెనక్కి తిరిగి, నాగార్జునసాగర్ జలాశయంలోని నీటిని మళ్లీ శ్రీశైలానికి ఎక్కించగలవు. అలా ఎక్కించడానికి 100 యూనిట్లు ఖర్చయితే, దించినప్పుడు చేతికొచ్చేది 75–80 యూనిట్లే. అర్ధరాత్రి గాలి జోరుగా వీచి కరెంటు మిగిలితే దాన్ని ఇలా నీటి రూపంలో దాచుకుంటారు. పెట్టినదానికన్నా తక్కువ తిరిగొచ్చే ఈ ఏర్పాటు మొత్తాన్ని ‘ఉత్పత్తి’ అంటే పాఠకుణ్ని తప్పుదారి పట్టించినట్లే. ఇక్కడ వాడాల్సిన క్రియ ‘దాచుకోవడం’, నామవాచకం ‘నిల్వ’.

‘ఎత్తిపోతల’ చక్కని తెలుగు మాటే. అయితే తెలంగాణలో ఆ మాట వినగానే కాళేశ్వరం, పొలాలు, కాలువలు గుర్తొస్తాయి. అక్కడ ఎత్తిన నీరు పైరుకు పోతుంది, తిరిగి యంత్రంలోకి రాదు. అందుకే ‘పంప్డ్ స్టోరేజీ’ని అలాగే ఉంచి, మొదటిసారి వాడినచోట ‘నీటిని పైకి తోడి కరెంటును దాచే పద్ధతి’ అని ఒక్క వాక్యంలో విప్పి చెప్పడమే నాకు నచ్చుతుంది.

‘విద్యుత్ ఉత్పత్తి’ అని విడిగా రాయడం పత్రికల్లో స్థిరపడింది, తప్పనక్కర్లేదు. సమాసం చేస్తే ‘విద్యుదుత్పత్తి’ అవుతుంది. ‘విద్యుతుత్పత్తి’ అని మాత్రం రాయకండి.